కూర్చోమంటే కూర్చోని దూదిగాడు

మా దూదిగాడు టీ బంకు అన్న చెబితే కూర్చుంటాడు. ఎదురింటి ఇంటర్ అమ్మాయి చెబితే కూర్చుంటాడు. ఓసారి కరెంటు బిల్లు తీయడానికి వచ్చినాయన సరదాకి ‘సిట్’ అంటే కూడా బుద్ధిగా కూర్చున్నాడు. నేను చెబితే మాత్రం కూర్చోడు. నా మొహంలోకి చూస్తాడు. చెవులు నిక్కబొడుస్తాడు, అంటే వినబడిందనే. తర్వాత తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లి నా బండి టైరు మీద కాలెత్తుతాడు.

వాడికి పాలు పట్టింది నేను. రాత్రుళ్లు ఏడిస్తే లేచి కూర్చున్నది నేను. అందుకే పోయిన ఆగస్టులో నాకొచ్చింది కుక్క మీద వచ్చే కోపం కాదు. మనవాళ్లే మోసం చేస్తే ఒక కోపం వస్తుంది చూడండి, అది.

మాది ఎమ్మిగనూరు. అక్కడికి 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆదోనిలో ఒక పత్తి కమీషన్ అంగడిలో లెక్కలు రాస్తాను. నేనూ, నా ఫ్రెండూ కలిసి ఒక రూమ్‌లో అద్దెకుండేవాళ్లం. 2025 ఫిబ్రవరి, పత్తి సీజన్ చివరికొచ్చింది. ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీ గోడ వెనక చెత్తదూది కుప్పలో ఏదో కదిలింది. చూస్తే తెల్లటి కుక్కపిల్ల. ఏది దూదో, ఏది కుక్కో తెలియడం లేదు. తల్లి లేదు, తోడబుట్టినవి లేవు. షర్టులో వేసుకుని రూమ్‌కి తెచ్చేశాను. పేరు వెతుక్కునే పని పడలేదు.

డాక్టరు పళ్లు చూసి రెండు నెలలుంటాయన్నాడు. లెక్కలు రాసేవాణ్ణి కదా, ఊరుకోలేక వెనక్కి లెక్కేశాను. రెండు నెలలంటే డిసెంబరు నడుమ పుట్టుంటాడు. కుక్క కడుపుతో ఉండేది సుమారు 63 రోజులు. అంటే వాడు తల్లి కడుపులో పడింది అక్టోబరు నడుమ. అంటే చిత్త కార్తె! మన పెద్దవాళ్లు ‘చిత్త కార్తె కుక్కలు’ అని ఎందుకు తిడతారో అప్పుడు తెలిసింది. ఆ తిట్టు మళ్లీ నా మీదికే తిరిగొస్తుందని మాత్రం అప్పుడు తెలీదు.

ఐదు నెలల దాకా వాడంత మంచి పిల్లోడు లేడు. యూట్యూబ్ చూసి నేర్పించాను. సిట్ అంటే కూర్చునేవాడు, రా అంటే పరిగెత్తుకొచ్చేవాడు. నేను బాత్రూమ్‌కి పోతే తలుపు బయట కూర్చునేవాడు. వీడియోలు తీసి స్టేటస్ పెట్టేవాణ్ణి. ‘మామా, నీ కుక్క నీకంటే పద్ధతిగా ఉంది రా’ అని ఫ్రెండ్స్ కామెంట్లు. నేను గొప్ప ట్రైనర్ని అనే ఒక నమ్మకం కూడా వచ్చేసింది. నిజం చెప్పాలంటే ఆ వయసులో ఏ కుక్కపిల్లైనా అంతే. లోకం అంటే మనమే వాటికి. ఇంకెక్కడికి పోతాయి?

జూలైలో మొదలైంది. ముందు కాలెత్తడం. గోడ, గ్యాస్ సిలిండరు, మా ఫ్రెండు ఆఫీసు బ్యాగు. తర్వాత దిండు ఎక్కడం. తర్వాత మనుషుల కాళ్లు. అద్దె అడగడానికి వచ్చిన మా ఓనరమ్మ చెల్లెలి కాలు వాటేసుకుని వాడు చేసిన పని గురించి ఇక్కడ రాయను. ఆవిడ కేకలకి వీధంతా వచ్చింది. మగకుక్క కదా, అదే బుద్ధి అని అందరం అనుకున్నాం. ఆ పని ఎప్పుడూ ఆ కోరికతోనే చేయవని, ఉత్సాహం ఎక్కువైనా, కంగారు పడినా, ఏం చేయాలో తోచకపోయినా చేస్తాయని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పుడు తెలిసినా ఆవిడకి చెప్పే ధైర్యం ఉండేది కాదనుకోండి.

దాంతోపాటు కొత్త భయాలు. నాలుగు నెలలుగా రోజూ చూస్తున్న నల్లటి వాటర్ ట్యాంకును ఒకరోజు పొద్దున చూసి వెనక్కి వెనక్కి నడుస్తూ మొరిగాడు. దాని వెనక పులి ఉన్నట్టే. గొడుగంటే భయం, చీపురంటే భయం. ఇంకోపక్క, తనకంటే రెండింతలున్న వీధికుక్క మీదికి రొమ్ము విరుచుకుని పోవడం.

ఒకరోజు పొద్దున ఆరింటికి వాకింగ్‌కి తీసుకెళ్లాను. భీమాస్ సర్కిల్ దగ్గరికొచ్చేసరికి ఎక్కడ ఏ వాసన తగిలిందో, తల వెనక్కి లాక్కున్నాడు. బెల్టు జారిపోయింది. అంతే. ‘దూదీ, రా! దూదీ!’ అని నేను అరుస్తూ పరిగెత్తుతుంటే వాడికి అదొక ఆట. ఒక టిప్పర్ వాడికి అడుగు దూరంలో కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి నన్ను తిట్టిన తిట్లు బాకీ లేకుండా తీసుకున్నాను. అవతలి వైపు చేరి, అరగంట అక్కడా ఇక్కడా తిరిగి, తోక ఊపుకుంటూ వాడంతట వాడే నా దగ్గరికొచ్చాడు.

వచ్చినవాణ్ణి కొట్టాను. చైన్ మడిచి, మూడు దెబ్బలు. నాలుగో దెబ్బకి చెయ్యెత్తితే వాడు నేలకి అంటుకుపోయాడు. ఉచ్చ పోసుకున్నాడు.

నా లెక్కలో అది పారిపోయినందుకు శిక్ష. వాడి లెక్కలో? పారిపోయి అరగంటైంది. చివరగా వాడు చేసిన పని నా దగ్గరికి రావడం. దెబ్బలు పడింది దానికి. ఇంత చిన్న లెక్క లెక్కలు రాసేవాడికి తట్టలేదు. ఆ రోజు నుంచి పిలిస్తే వచ్చేవాడు, కానీ మూడు మూరల దూరంలో ఆగిపోయేవాడు. నేను అడుగు ముందుకేస్తే వాడు అడుగు వెనక్కి.

ఆగస్టు 11న ఢిల్లీ, చుట్టుపక్కల వీధికుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఢిల్లీ ఎక్కడ, ఆదోని ఎక్కడ! అయినా మా వీధి వాట్సాప్ గ్రూపులో అదే చర్చ. ఓనరమ్మ మంచిదే పాపం, చెల్లెలి సంగతి జరిగినా నెలరోజులు ఓపిక పట్టింది. ఇప్పుడు మాత్రం తెగేసి చెప్పింది. “నాయినా, కుక్కన్నా పోవల్ల, మీరన్నా పోవల్ల. ఆదివారం లోపల.” ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి ఆ ఆదేశాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలాలంది. కానీ మా ఆదివారం దానికంటే ముందే వచ్చేసింది.

ఐడియా మా ఫ్రెండ్‌ది. వద్దనకపోవడం నాది. ఎమ్మిగనూరు రోడ్డులో ఊరు దాటాక చేలున్నాయి, ఎవరో ఒకరు అన్నం పెడతారు, పల్లెలో కుక్కలు హాయిగా బతుకుతాయి అని ఒకరికొకరం చెప్పుకున్నాం. రాత్రి ఇద్దరం అన్నం సరిగ్గా తినలేదు. పొద్దున్నే ఒక ఆటో మాట్లాడాం. దూదిగాడు ఎగిరి ఎక్కాడు. ఆటో అంటే వాడికి షికారు.

ఆటో ఆయనకి యాభై ఏళ్లుంటాయి. అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. ఊరు దాటాక అడిగాడు.

“యాడికప్పా, కుక్కను తీస్కొని?”

“ఇడ్సిపెట్టను అన్నా. మాట ఇనడంల్యా.”

“ఎన్ని నెల్లు?”

“ఎనిమిది.”

కొంచెం దూరం పోయాక మళ్లీ అన్నాడు. “మా వోడు ఇంటర్ ఫస్టియర్. వాడు గూడ మాట ఇనడంల్యా. నువ్వు యాడ ఇడుస్తావో ఆ జాగా నాకు గూడ చూపీ. రేపు వాణ్ణి ఏస్కొస్తా.”

మా ఫ్రెండు నవ్వాడు. నేనూ నవ్వబోయాను, రాలేదు. చేలు వచ్చాయి. ఆటో ఆపలేదు, మేమూ ఆపమనలేదు. ఇంకో ఊరు దాటింది. “ఎమ్మిగనూరు దాకా పోనీ అన్నా” అన్నాను. “ఏడు నూర్లు అయితాది” అన్నాడు. సరే అన్నాను.

పెంచుకున్న జంతువును ఆకలికీ దప్పికకీ వదిలేసి రావడం నేరమని తర్వాత చదివాను. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960లోదే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అంటే మేం ఆ పొద్దు తప్పు చేసుంటే పడేదానికంటే, చేయకుండా ఆటోకి ఇచ్చిందే పద్నాలుగింతలు ఎక్కువ.

మా తాతకి 82. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సంఘానికి దుప్పట్లు నేసిన చేతులు. ఇప్పుడు కళ్లు సరిగ్గా కనబడవు, గుంట మగ్గం మాత్రం ఇంట్లో అలాగే ఉంది. కుక్కలంటే ఆయనకి పెద్ద ప్రేమేమీ లేదు. అరుగు మీద కూర్చుని మమ్మల్నీ, కుక్కనీ చూశాడు. ఎందుకు తెచ్చానో విన్నాడు. ఎన్ని నెలలని ఆయనా అదే అడిగాడు. చెప్పాను.

“కోడె” అన్నాడు.

ఒకటే మాట. యూట్యూబ్‌లో పన్నెండు వీడియోలు చూసినా నాకు దొరకని మాట. కోడెదూడ, కోడెనాగు, కోడెకాడు, కోడెవయసు. ఎద్దుకీ, పాముకీ, మనిషికీ మనవాళ్లు ఒకే మాట పెట్టుకున్నారు. కుక్కకి వాడటం మాత్రం నేను మొదటిసారి విన్నాను.

అప్పుడే నేను దూదిగాణ్ణి పిలిచాను. వాడు వచ్చి మూడు మూరల దూరంలో ఆగాడు. తాతకి కళ్లు కనబడవు అన్నానా? ఇలాంటివి కనబడతాయి.

“కొట్టినావా?”

నేను మాట్లాడలేదు.

“మీ నాయినకు పదారేండ్లప్పుడు” అని మొదలుపెట్టాడు తాత. “మగ్గం కాడికి రమ్మంటే రాడు. యాదో ఒగటి చెప్పి తప్పించుకునేటోడు. ఒగ పొద్దు చెప్పకుండ బళ్లారికి పాయ. సినిమాలకు. మూడు దినాలకు వచ్చె. వాకిట్లోనే పట్టుకోని మగ్గం కట్టెతో కొడ్తి.”

“కొడితే ఏమాయె తాతా?”

“ఏం గాల్యా. మళ్ల యాడికీ పోల్యా. నాతో మాట్లాడేది గూడ మానె.”

మా నాయినా తాతా ఒకే ఇంట్లో ఉంటారు. ‘అన్నం తిన్నావా’, ‘మాత్ర ఏస్కున్నావా’ మించి వాళ్ల మధ్య మాటలు నేనెప్పుడూ వినలేదు. అది వాళ్ల తత్వం అనుకునేవాణ్ణి.

దూదిగాణ్ణి తాత దగ్గరే వదిలి ఆదోని వచ్చేశాం. వేరే ఇల్లు దొరికేదాకా అని ఒప్పందం. ప్రతి శనివారం రాత్రి బస్సెక్కేవాణ్ణి. ఆ వారాల్లోనే ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఒక పరిశోధన దొరికింది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ యూనివర్సిటీకి చెందిన లూసీ ఆషర్, ఇంకొందరు చేశారు. 2020లో ‘బయాలజీ లెటర్స్’ అనే పత్రికలో వచ్చింది. చూపులేనివాళ్లకి దారి చూపడానికి పెంచుతున్న 69 కుక్కల్ని తీసుకున్నారు. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, ఆ రెండూ కలిసినవి. ఐదో నెలలో ఒకసారి, ఎనిమిదో నెలలో ఒకసారి కూర్చోమని చెప్పి చూశారు. ఎనిమిదో నెలకి వచ్చేసరికి అవి పెంచినవాళ్ల మాట వినడం తగ్గిపోయింది. మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అదే పరాయివాళ్లు చెబితే? తగ్గలేదు. ఇంకా బాగానే విన్నాయి.

బస్సులో చదివి ఒక్కణ్ణే గట్టిగా నవ్వాను. పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు. టీ బంకు అన్న, ఇంటర్ అమ్మాయి, కరెంటు బిల్లాయన, అందరూ ఆ పరిశోధనలో ఉన్నారు! వాడు మాట వినకపోవడం మర్చిపోయి కాదు. నాకు విలువ లేక అసలే కాదు. అందరికంటే దగ్గరివాణ్ణి నేను కాబట్టి ఆ గొడవంతా నాతో. మన పదహారేళ్ల పిల్లలు కూడా స్కూల్లో సార్ దగ్గర బానే ఉంటారు, ఇంటికొచ్చి అమ్మ మీద తలుపు ధడాల్న వేస్తారు. ఇంకోటి కూడా ఉంది అందులో: ఏడాది దాటేసరికి ఆ కుక్కలు మళ్లీ దారికొచ్చాయి.

తాతకి చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. “వాడు నా మాట ఇంటాడు” అన్నాడు, కొంచెం గర్వంగానే. నిజమే, అప్పటికి తాత వాడికి పరాయివాడు. కూర్చోమంటే కూర్చుంటున్నాడు. మూడు వారాలైంది. ఒక శనివారం నేను వెళ్లేసరికి తాత అరుగు మీద మొహం మాడ్చుకుని ఉన్నాడు. దూదిగాడు ఆయన చెప్పు నోట కరుచుకుని వాకిట్లో గుండ్రంగా తిరుగుతున్నాడు. “ఇయ్యి రా” అంటే ఇవ్వడు. నేను నవ్వుతుంటే తాతే అన్నాడు. “ఇంగ నేను గూడ వానికి సొంతమోన్నైపోయినా.”

ఆ రెండు నెలల్లో మేం చేసింది పెద్ద ట్రైనింగేమీ కాదు. మగ్గం మీద బట్ట అయిపోయాక మిగిలే పడుగు కొసలు ఇంట్లో ఒక సంచెడు ఉన్నాయి. తాత వాటిని పేని ఇరవై అడుగుల తాడు చేశాడు. ఆ తాడు వాడి మెడకి కట్టి, పొద్దున్నే ఊరవతల ఖాళీ స్థలానికి తీసుకెళ్లేవాణ్ణి. వాడికి నచ్చినంతసేపు వాసన చూడనిచ్చేవాణ్ణి. పావుగంట ఒకే రాయి దగ్గర నిలబడినా సరే. ఇంతకుముందు ‘నడువు రా’ అని గుంజేవాణ్ణి. అది వాడికి న్యూస్ పేపర్ లాంటిదని డాక్టరన్నాక గుంజడం మానేశాను.

పిలవడం కూడా మార్చుకున్నాను. వాడు పిల్లి వెనక చూపు నిలిపి ఉన్నప్పుడు ‘రా రా రా’ అని పదిసార్లు అరిస్తే, ‘రా’ అంటే ఏమీ లేదని పదిసార్లు నేర్పినట్టే. కాబట్టి వస్తాడనిపించినప్పుడే పిలవడం, ఒక్కసారే పిలవడం. వస్తే చేతిలో ఏదో ఒకటి. ఉడికిన గుడ్డు ముక్క, జొన్నరొట్టె ముక్క, బొరుగులు. ఆలస్యంగా వచ్చినా అదే, బురదతో వచ్చినా అదే. మొదట్లో ముక్కని నేల మీద పెట్టి నేనే రెండడుగులు వెనక్కి వెళ్లేవాణ్ణి. మూడు మూరలు రెండు మూరలవడానికి పదిహేను రోజులు పట్టింది. రెండు నిమిషాలు నేర్పడం, ఆపేయడం. ఎక్కువసేపు లాగితే వాడికీ విసుగు, నాకూ విసుగు.

దిండు ఎక్కితే అరవకుండా దిండు తీసి దాచేయడం. మనుషుల మీదికొస్తే మాట్లాడకుండా పక్కకి తీసుకెళ్లి కొరకడానికి ఏదైనా ఇవ్వడం. అంతే. అరుపులు వాడికి సంబరంగా ఉండేవి. పగలు నిద్ర సరిగ్గా పడితే సాయంత్రం సగం వేషాలు తగ్గుతాయని కూడా అప్పుడే గమనించాం.

అన్నట్టు, ఒక మాట. మా వైపు పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ లేనిదే బండి కదలదు. దూదిగాడికి కూడా అందరూ ప్రేమగా పెట్టేవాళ్లు. ఉగ్గానిలో ఉల్లిగడ్డ ఉంటుంది, కుక్కలకి ఉల్లిగడ్డ విషంతో సమానం, రక్తాన్ని దెబ్బతీస్తుంది. వట్టి బొరుగులైతే పర్వాలేదు. ఇది ముందు తెలియక ఎన్నాళ్లు పెట్టామో!

అక్టోబరు వచ్చింది. చిత్త కార్తె. వాడికి పది నెలలు. ఆ వయసుకి మగకుక్కల్లో హార్మోన్ పెద్ద కుక్కలకంటే ఎక్కువగా ఉంటుందట, తర్వాతే మామూలుకొస్తుందట. ఒక రాత్రి తాత పేనిన తాడు తెగ్గొరికి దూదిగాడు వెళ్లిపోయాడు. పొద్దున ఫోన్ చేసి తాత చెప్పిన మాట: “కోడె పాయ.”

అంగడిలో చెప్పి మధ్యాహ్నం బస్సుకే వెళ్లాను. సోమప్ప సర్కిల్ నుంచి సందు సందు తిరిగాను. ఎక్కడ చూసినా గుంపులు గుంపులుగా కుక్కలు, వాటిలో వాడు లేడు. ఆ రాత్రి అరుగు మీదే పడుకున్నాను. నాయిన కూడా పడుకోలేదు. లోపల్నుంచి రెండు మూడుసార్లు వచ్చి వీధి చివరిదాకా నడిచి వచ్చాడు. ఏమీ అనలేదు.

రెండో తెల్లవారుజామున వచ్చాడు. కుడి చెవి చిరిగి వేలాడుతోంది, తెల్లటి ఒళ్లంతా మట్టి, రక్తం. వీధి మొదట్లో ఆగి నన్ను చూశాడు. నేను లేచి నిలబడ్డాను. వాడు మూడు మూరల దూరం దాకా వచ్చి ఆగాడు. చెవులు వెనక్కి వేసి, తోక కాళ్ల మధ్య పెట్టి, చూస్తున్నాడు. నాకు భీమాస్ సర్కిల్ గుర్తొచ్చింది. వాడికీ గుర్తొచ్చిందని నాకు తెలుసు. మెల్లగా కింద కూర్చున్నాను. చేతిలో ఏమీ లేదు. వట్టి చెయ్యే చాపాను. ఎంతసేపో. తర్వాత వచ్చి నా మోకాలి మీద తల పెట్టాడు.

ఆ సంతోషం ఐదు నిమిషాలే. వాడి వెనకే వచ్చిన ఇంకో రెండు కుక్కలు వాకిట్లోనే మళ్లీ మొదలుపెట్టాయి. విడదీయబోయి చెయ్యి పెట్టాను. పెట్టకూడదు. బకెట్టు నీళ్లు కొట్టాలి, లేదా పెద్ద శబ్దం చేయాలి. ఏదో కుక్క పన్ను నా మణికట్టు మీద గీరింది. చిన్న గీత. అయినా కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని, తెల్లారగానే సర్కారు ఆసుపత్రికి వెళ్లాను. ఆ రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో సూదులు. గీత చిన్నదని మీరు ఊరుకోకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు. దూదిగాడికి మూడో నెలలోనే టీకా వేయించినా, డాక్టరు చెవికి కుట్లు వేసి ఇంకో డోసు ఇచ్చాడు.

నవంబరులో, పదకొండో నెలలో ఆపరేషన్ చేయించాను. మా ఫ్రెండు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. “మగోడివై ఉండి ఎట్లా చేయించినావు రా మామా” అంటాడు. డాక్టరు మాత్రం స్పష్టంగా చెప్పాడు. తిరుగుళ్లు, కాలెత్తడం, ఎక్కడం చాలావరకు తగ్గుతాయి, అదీ వెంటనే కాదు, హార్మోన్ దిగడానికి వారాలు పడుతుంది. భయంతో మొరిగేది దానితో పోదు. మాట వినడం అనేది ఆపరేషన్‌తో రాదు, అది మీరూ మీ కుక్కా చూసుకోవాల్సింది. పెద్ద జాతి కుక్కలకైతే ఎముకలు ఎదిగేదాకా ఆగమని కొందరు డాక్టర్లంటారు, మీరు మీ డాక్టర్ని అడగండి. మా వాడిది ఊరజాతి, మరీ పెద్ద ఒళ్లు కాదు.

ఆదోనిలో వాకిలున్న చిన్న ఇల్లు దొరికింది, అద్దె 1,500 ఎక్కువ. డిసెంబరులో వాణ్ణి తెచ్చేసుకున్నాను. ఇప్పుడు పదమూడు నెలలు. కూర్చోమంటే ఎక్కువసార్లు కూర్చుంటున్నాడు. నల్ల ట్యాంకును చూసి మొరగడం మానేశాడు. గొడుగుతో మాత్రం రాజీ కుదరలేదు. నిన్న నా బండి టైరు మీద కాలెత్తాడు. పాత అలవాటు, అంత తొందరగా పోదు.

జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతరకి ఇంటికి వెళ్లాం, వాడూ నేనూ. రాత్రి రథం చూసి వచ్చాక అరుగు మీద నాయినా నేనూ కూర్చున్నాం. తాత లోపల నిద్రపోతున్నాడు. దూదిగాడు వాకిట్లో మూల ఏదో తవ్వుతున్నాడు. నాయిన “దూదీ” అని ఒక్కసారి పిలిచాడు. వాడు తల ఎత్తి, ఒక క్షణం ఆలోచించి వచ్చాడు. నాయిన జేబులోంచి బొరుగులు తీసి పెట్టాడు. ఈయన ఎప్పటి నుంచి జేబులో బొరుగులు పెట్టుకుంటున్నాడో నాకు తెలీదు.

వాడి చిరిగిన చెవి నిమురుతూ, నా వైపు చూడకుండా అన్నాడు. “బళ్లారికి పోయింది సినిమాలకు కాదు.”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“జీన్స్ ప్యాంట్లు కుట్టే పని నేర్పిస్తారని ఎవురో చెప్పిరి. మగ్గం వద్దనిపించె నాకు. మూడు దినాలు ఆ సందుల్లో తిరిగితి. చిన్నోడివి పో అనిరి.”

“తాతకు చెప్పలేదా?”

“చెప్పేకొచ్చిన్యా.”

దూదిగాడు బొరుగులు అయిపోయాయేమోనని ఆయన చేతిని నాకి చూశాడు. నాయిన ఇంకో గుప్పెడు తీశాడు. “కూర్చో” అన్నాడు. వాడు కూర్చోలేదు. సరేలే అని పెట్టేశాడు.